నా చీటీ ఎవరికొచ్చింది

అనుమానం నా ఉద్యోగం. రైల్లో టికెట్లు చూసే పని నాది, పెళ్లికి ముందు నుంచీ ఇదే. బోగీలో అడుగు పెట్టగానే ఎవరి దగ్గర టికెట్ లేదో నాకు వాసన వస్తుంది. టికెట్ లేనివాడు కిటికీలోంచి పొలాలు చూస్తుంటాడు, అదీ మరీ శ్రద్ధగా. లేదంటే నేను అడక్కముందే నవ్వుతాడు. ఊరికే నవ్వేవాళ్లని నేనెప్పుడూ నమ్మలేదు. డ్యూటీ దిగాక కోటు విప్పి కొక్కేనికి తగిలించినట్టు ఈ అలవాటుని తగిలించడం నాకు చేతకాలేదు. కూరగాయలమ్మి నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తే, కుళ్లినవేమోనని సంచి దులిపి చూస్తాను. మా ఆయన ఏ సందర్భమూ లేకుండా మల్లెపూలు తెస్తే "ఏం చేశారు?" అని అడుగుతాను. పాపం, ఆయన ఏమీ చేసి ఉండరు.

ఇప్పుడు మా చేతికి మెషీన్లు వచ్చాయి, చార్టు మొత్తం అందులోనే ఉంటుంది. అయినా నా పాత పద్ధతి నాదే. ఏ బెర్తు మీదైనా అనుమానం వస్తే కాగితం ముక్క మీద బోగీ నంబరు, బెర్తు నంబరు రాసి, పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టి కోటు జేబులో వేసుకుంటాను. బోగీ చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఆ మనిషి ఎదురుగా నిలబడతాను. అప్పటికి సగంమంది మొహాలే నిజం చెప్పేస్తాయి.

మేముండేది గుణదలలో, ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. బాల్కనీలోంచి కొండ మీది సిలువ కనబడుతుంది. మేం ఆ కొండ చర్చికి చెందినవాళ్లం కాదు, మాది రైల్వే ఇళ్ల వైపు ఉన్న చిన్న సంఘం. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల శ్రమకాలం వస్తే బుధవారం బుధవారం ఒకరింట్లో కూడుకుంటాం. సువార్తలో ఒక భాగం చదివి, దాని గురించి మాట్లాడుకుని, ప్రార్థన చేసి, ఆనాటి ఉపవాసం అక్కడే అందరం కలిసి విడుస్తాం. పదిమంది లోపే ఉంటాం. మా ఆయన పాటలు ఎత్తుకుంటారు. ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు, తాళం కూడా లెక్కగానే వేస్తారు. నేను డ్యూటీ కుదిరితే వెళ్లి వెనక కూర్చునేదాన్ని. ఎవరెవరు కళ్లు మూసుకున్నట్టు నటిస్తున్నారో చూసేదాన్ని. అది చూడాలంటే నేనూ కళ్లు తెరవాలి కదా అని మా ఆయన ఎత్తిపొడిచేవారు.

ఈ మధ్య వచ్చిన ఒక శ్రమకాలంలో పాస్టరమ్మగారు కొత్త పద్ధతి పెట్టారు. శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం సాయంత్రం అందరి చేతా తలో కాగితం మీద పేర్లు రాయించి, మడిపించి, కానుకల సంచిలో వేయించారు. ఆ సంచిలోంచి తలా ఒక చీటీ తీసుకోవాలి. ఎవరి పేరు వస్తే వాళ్ల కోసం ఈస్టర్ దాకా రోజూ ప్రార్థన చెయ్యాలి, ఏదైనా చిన్న ఉపకారం కూడా చెయ్యాలి. ఎవరి పేరు వచ్చిందో చెప్పకూడదు. ఈస్టర్ పొద్దున్న అందరి ముందూ బయటపెట్టి, ఏదో ఒక చిన్న కానుక ఇచ్చుకోవాలి. అదీ పద్ధతి.

ఆ రోజు నేను డ్యూటీ నుంచి నేరుగా వెళ్లాను. మనసు బాగాలేదు. రైల్లో ఒకావిడ తన గుర్తింపు కార్డులోని ఫొటోకి తన మొహం ఎంతమాత్రం కలవకుండా కూర్చుని, తిరిగి వచ్చి అడుగుదామనుకునే లోపు తెనాలిలో దిగి జనంలో కలిసిపోయింది. నాకు అలా జారిపోయినవాళ్లంటే కడుపు మంట. ఆ చిరాకులోనే నా పేరు రాసి, మడిచి, కోటు జేబులో పెట్టుకుని, సంచి నా దగ్గరికి వచ్చాక తీసి వేశాను. మా సంఘంలో ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వచ్చే పెద్దాయన ఒకరున్నారు. థర్మల్ స్టేషన్లో చేసి రిటైరయ్యారు. పాస్టరు అయ్యగారు నుదుటి మీద బూడిద గుర్తు పెడుతుంటే ఆయన, "నేను ఉద్యోగమంతా బొగ్గు బూడిదలోనే చేశానండీ, నాకు ఏడాది పొడుగునా భస్మ బుధవారమే" అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నాకొచ్చిన చీటీలో పాస్టరమ్మగారి పేరుంది. నా పేరు ఎవరికి వచ్చిందా అని అందరి మొహాలూ వరసగా చూశాను. ఎదురింటావిడ తన చీటీ విప్పి చదివి, గబుక్కున నా వైపు చూసి, తల దించుకుంది.

దొరికింది, అనుకున్నాను.

ఎదురింటావిడ అంటే మా గుమ్మానికి ఎదురు గుమ్మం. కొండపల్లి మనిషి, వాళ్ల పుట్టింట్లో ఇప్పటికీ బొమ్మలకి రంగులు వేస్తారు. భర్త పోయాక ఇక్కడ అద్దెకి దిగి, ఊళ్లో ఒక పెద్ద స్కానింగ్ సెంటర్లో కౌంటర్ దగ్గర పనిచేస్తోంది. అందరితోనూ నవ్వుతూ మాట్లాడుతుంది. నవ్వేవాళ్ల గురించి నా అభిప్రాయం చెప్పాను కదా.

ఇంకెవరికి నా పేరు వచ్చినా నాకు అంత గుబులుండేది కాదు. ఆవిడకి రావడమే భయం. ఎందుకంటే ఆవిడ పనిచేసే సెంటర్లో నా ఫైలుంది.

శ్రమకాలం మొదలవడానికి కొన్నాళ్ల ముందు, స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. రైల్వే ఆసుపత్రికి వెళ్తే డివిజనంతా తెలుస్తుందని బయట ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ రాసిన స్కానింగ్ ఆ సెంటర్లోనే ఉంది. ఎదురింటావిడ వాళ్ల చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షనుకి కొండపల్లి వెళ్లిన రోజు చూసుకుని, దొంగలా వెళ్లి తీయించుకుని వచ్చాను. రిపోర్టు చూసి డాక్టరమ్మ, సూదితో ముక్క తీసి పరీక్ష చేయించాలని, ఆలస్యం చెయ్యొద్దని చెప్పారు. ఈస్టర్ అయ్యాక వస్తానన్నాను. ఈస్టర్‌కీ దానికీ సంబంధం ఏంటని ఆవిడ అడిగారు. నేను సంచి తీసుకుని లేచి వచ్చేశాను. మా అమ్మ పోయింది ఇలాంటి గడ్డతోనే. ఆవిడ కూడా రేపు, ఎల్లుండి అంటూనే దాచింది. ఆ సంగతి తెలిసి కూడా రిపోర్టు తెచ్చి బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టాను.

మా ఆయనకి చెప్పలేదు. ఆయన చాలా మంచివాడు, ఆయన నోట్లో మాత్రం ఏదీ దాగదు. చెప్పిన గంటలో అయ్యగారికి ఫోన్ చేసి ప్రార్థన చెయ్యమంటారు. అక్కడే ఉంది నా భయమంతా. చాలా ఏళ్ల కిందట మా పాటల గుంపులో ముందు వరసలో పాడే ఒకావిడకి గర్భసంచి ఆపరేషనైతే, అప్పటి పాస్టరుగారు ఆవిడ పేరు పెట్టి, జబ్బు పేరు పెట్టి మైకులో ప్రార్థన చేశారు. వీధి చివర గాజుల కొట్టు సాయిబుగారు పాపం మర్యాదకే, "అమ్మాయికి కడుపులో ఎలా ఉందమ్మా?" అని నన్నడిగారు. ఆవిడ ఆ తర్వాత వెనక వరసలోకి వెళ్లిపోయింది, కొన్నాళ్లకి పాడడమే మానేసింది. నా రొమ్ములోని గడ్డ మైకులోకి ఎక్కడం నేను తట్టుకోలేను. రేపు బోగీలో నన్ను చూసి ఎవరైనా జాలిపడితే, ఇక నేను టికెట్ ఏ మొహంతో అడగను?

ఉపకారాలు మొదలయ్యాయి. భస్మ బుధవారం వెళ్లిన మర్నాడే ఎదురింటావిడ స్టీలు డబ్బాలో రాగిజావ తెచ్చింది. "ఎక్కువ కాచానండీ, డ్యూటీకి వెళ్లేముందు తాగి వెళ్లండి" అంది. ఆ మర్నాడూ ఎక్కువే కాచింది. రోజూ ఎక్కువ కాచే మనిషికి కొలత తెలీదా? రెండో బుధవారం పెద్దాయన లేచి, ఫ్యాను కింద కుర్చీ నాకిచ్చి ఆయన గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్నారు. పాస్టరమ్మగారు నన్ను పక్కకి పిలిచి, "మీరు పూర్తి ఉపవాసం ఉండకండి, ఒంటిపూట చాలు" అన్నారు. మిగతావాళ్లెవరికీ అలా చెప్పలేదు. ఒక్కొక్కటే చూస్తే ఏమీ లేదు. అన్నీ కలిపి చూస్తే నాకు సంగతి అర్థమైపోయింది. ఎదురింటావిడ ఫైలు చూసింది, వీళ్లందరికీ చెప్పింది, నా వెనక నా గురించి ప్రార్థన చేస్తున్నారు.

ఆ రాగిజావ తాగకుండా పారబోద్దామనుకున్నాను. కానీ బాగుంది. తాగి, మరింత కోపం తెచ్చుకున్నాను.

మూడో వారమో నాలుగో వారమో, ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన భాగం చదివాం. ఒక శిష్యుడు వద్దని కాళ్లు వెనక్కి తీసుకున్న చోట అయ్యగారు ఆగి, "ఎందుకు వద్దన్నాడంటారు?" అని అడిగారు. మా ఆయన వినయం అన్నారు. పెద్దాయన సిగ్గు అన్నారు. నేనెప్పుడూ మాట్లాడనిదాన్ని, ఆ రోజు నోరు ఊరుకోలేదు.

"అనుమానం అండీ," అన్నాను. "ఊరికే ఎవరైనా మన కాళ్ల దగ్గర కూర్చుంటే ఎలా నమ్ముతాం? ఏదో కావాలి కాబట్టే కూర్చుంటారు. లేకపోతే మన గురించి ఏదో తెలిసి జాలిపడి కూర్చుంటారు."

అంటూనే ఎదురింటావిడ వైపు చూశాను. ఆవిడ నిజంగానే ఆలోచిస్తున్నట్టు తల ఊపింది. అంత బాగా నటించేవాళ్లని రైల్లో కూడా చూడలేదనుకున్నాను.

"అమ్మా," అన్నారు పెద్దాయన, "పరలోకం గుమ్మం దగ్గర మిమ్మల్ని నిలబెడితే కష్టమేనండీ. ఒక్కళ్లనీ లోపలికి పోనివ్వరు."

అందరూ నవ్వారు, నేను కూడా కొంచెం నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ భాగం మళ్లీ తీసి ఒక్కదాన్నే చదివాను. నా అంతట నేను బైబిలు తెరవడం ఎన్నాళ్లకో. కాళ్లు కడిగించుకోకపోతే నాతో నీకు పొత్తు లేదని ప్రభువు ఆ శిష్యుడికి చెప్పిన చోట ఆగిపోయాను. అంత చిన్న విషయానికి అంత పెద్ద మాటా అనిపించింది. ప్రభువు మీద కూడా కొంచెం అనుమానం వచ్చింది.

అలాగని ప్రార్థన మానలేదు. చీటీలో వచ్చిన పాస్టరమ్మగారి కోసం రోజూ డ్యూటీ చేసినట్టు చేసేదాన్ని. మొదట్లో పేరు చెప్పి, దీవించమని, అంతటితో సంతకం పెట్టేసినట్టుండేది. రానురాను ఆవిడ దగ్గు నాకు వినబడడం మొదలైంది. పాట మధ్యలో ఆవిడ గొంతు ఎక్కడ తెగుతుందో తెలిసింది. అందరికీ వడ్డించాక ఆవిడ ప్లేటులో ఏం మిగులుతుందో కనబడింది. ఒక మనిషిని పట్టుకోవడానికి కాకుండా ఇంత జాగ్రత్తగా చూడడం నాకు కొత్త. కానీ నా గురించి మాత్రం ప్రభువుకి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనకి చెబితే ఎలాగో ఒకలా పాస్టరమ్మగారికి తెలిసిపోతుందనిపించేది.

ఎండలు ముదిరి, నల్లకోటు బీరువాకెక్కింది. డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫోన్ వస్తే కట్ చేశాను. ఇంక ఎదురింటావిడ సంగతి తేల్చేద్దామనిపించింది. బోగీలో చేసినట్టే ముందు పక్కనుంచి అడిగాను.

"మీ సెంటర్‌కి మన సంఘం వాళ్లెవరైనా వస్తుంటారా?"

"ఎవరొచ్చినా బయట చెప్పకూడదండీ," అంది ఆవిడ. "మా దగ్గర అదో రూలు."

చూశారా, రాలేదని అనలేదు. ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారం, దాని ముందురోజు జావ డబ్బా తీసుకుని ఆవిడ మా గుమ్మంలో నిలబడగానే నా ఓపిక అయిపోయింది.

"చూడండీ," అన్నాను. "నా గురించి మీకు ఒక సంగతి తెలిసింది. తెలీదని మాత్రం చెప్పకండి."

ఆవిడ మొహం ఎర్రబడింది. దొరికిపోయినవాళ్ల మొహం నేను చూడనిది కాదు.

"తెలుసండీ," అంది మెల్లగా. "కానీ మీరు దాచుకుంటున్నది నేనెందుకు బయటపెడతాను? ఈస్టర్ దాకా నా నోట్లోంచి మాట రాదు."

"ఈస్టర్ దాకానా?"

"ఆ రోజు ఎలాగూ అందరి ముందూ చెప్పాలి కదండీ. చెప్పాల్సిందే. మీలాంటివాళ్ల గురించి నలుగురికీ తెలియాలి."

నాకు భయం వేసింది. ఆ పైన కోపం వచ్చింది. "మీ జావ మీరే తాగండి" అని డబ్బా ఆవిడ చేతిలోనే వదిలేసి తలుపు వేసేశాను.

ఆ తర్వాత జావ రాలేదు. పరిశుద్ధ గురువారం మా కూటంలో ఆడవాళ్లు ఆడవాళ్ల కాళ్లు, మగవాళ్లు మగవాళ్ల కాళ్లు కడుగుతారు. పక్కన కూర్చున్నవాళ్లకి పక్కవాళ్లు. నా పక్క కుర్చీ ఆవిడదే. కాలికి దెబ్బ తగిలిందని అబద్ధం చెప్పి లేచి వచ్చేశాను. వస్తూ తిరిగి చూస్తే ఆవిడ భుజం మీద తువ్వాలు వేసుకుని, బేసిను ముందు ఒక్కతే కూర్చుని ఉంది. ఆ క్షణం నాకు జాలేసింది. నా రహస్యం పట్టుకున్న మనిషి మీద జాలిపడడమేంటని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఈస్టర్‌కి వెళ్లకూడదనే అనుకున్నాను. కానీ నేను లేనప్పుడు చెబితే ఇంకా ఘోరం. ఎదురుగా ఉంటే ఆపొచ్చు, ఆపలేకపోతే లేచి రావచ్చు. తెల్లవారుతుండగా అందరం సమాధుల తోటకి వెళ్లాం. మా అమ్మ సమాధికి మా ఆయన ముందురోజే సున్నం వేయించారు. చామంతులు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, అమ్మ దగ్గర నిలబడితే మాత్రం నాకు ఏడుపొచ్చింది. నువ్వు దాచావు, చూడు ఎక్కడున్నావో, అని లోపల్లోపల గట్టిగానే అన్నాను. అది అమ్మని అన్నానో నన్నే అనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఆరాధన అయ్యాక పాస్టరుగారింటి వసారాలో ఇడ్లీలు, కోడికూర. తిన్నాక చీటీల కార్యక్రమం మొదలైంది. నేను లేచి పాస్టరమ్మగారి పేరు చెప్పి, వేణ్ణీళ్లు పోసుకునే ఫ్లాస్కు ఇచ్చాను. "నా దగ్గు సంగతి మీకెలా తెలుసండీ?" అని ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. పెద్దాయనకి వచ్చింది మా ఆయన పేరు. ఒక్కొక్కరే చెబుతున్నారు. నా పేరు ఎవరూ చెప్పలేదు. చివరికి ఎదురింటావిడ లేచి నిలబడింది. నేను చెప్పులు ఎక్కడ విడిచానో చూసుకున్నాను.

"నాకు చీటీలో పేరు రాలేదండీ," అంది ఆవిడ. "రైలు బోగీ నంబరు, బెర్తు నంబరు వచ్చాయి. ఎస్-7, నలభై మూడు. పక్కన ప్రశ్న గుర్తు."

చీటీ ఎత్తి చూపించింది. నా రాత. తెనాలిలో జారిపోయిన ఆ ఆడమనిషి బెర్తు.

"మనలో రైల్వేవారు ఒక్కరే కదండీ. చూడగానే అర్థమైంది. ఈవిడ తన పేరు వేసుకోవాల్సిన చోట, రైల్లో కనబడిన ఎవరో ముక్కూమొహం తెలీని మనిషిని వేశారు. తన వంతు ప్రార్థన ఆ మనిషికి ఇచ్చేశారు. ఎవరికీ చెప్పుకోలేదు కూడా. ఆడో మగో తెలీదు, పేరు తెలీదు. ప్రశ్న గుర్తుంది కాబట్టి ఏదో తేలని కష్టం అనుకున్నానండీ. రోజూ కౌంటర్ తెరవకముందు, ప్రభువా, నలభై మూడో బెర్తు మనిషిని క్షేమంగా దింపు, అని ప్రార్థన చేశాను. కానీ ఈవిడ కోసం ఎవరూ లేకపోయారే అని బాధేసేది. అందుకని కాస్త జావ ఇచ్చేదాన్ని. అదీ ఈవిడకి నచ్చలేదు, మంచి చేసి బయటపడ్డం ఇష్టం లేదు పాపం."

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన నా వైపు చూసిన చూపు మా పెళ్లినాడు కూడా చూడలేదు. ఎదురింటావిడ సంచిలోంచి ఒక కొండపల్లి బొమ్మ తీసి నా చేతిలో పెట్టింది. మూట పక్కన పెట్టుకుని కూర్చున్న మనిషి బొమ్మ. "ఎప్పుడైనా ఆ మనిషి మళ్లీ మీ రైలెక్కితే ఇవ్వండి" అంది.

నోరు మూసుకుని ఉంటే ఆ పూటకి నేను మా సంఘంలో పెద్ద భక్తురాలినే. కానీ ఆ బొమ్మ చేతిలో ఉండగా నావల్ల కాలేదు.

"అది మంచితనం కాదండీ," అన్నాను. "ఆ ప్రశ్న గుర్తు అనుమానం. ఆవిడ వేరేవాళ్ల టికెట్ మీద కూర్చుందని, పట్టుకుందామని రాసుకున్నాను. సంచిలో పొరపాటున పడింది. నేను ఎవరికీ ఏమీ ఇవ్వలేదు."

పెద్దాయనే ముందు నవ్వారు. ఎదురింటావిడ నవ్వలేదు, ఆలోచించింది.

"అయితేనేం అండీ," అంది. "టికెట్ లేని మనిషికే కదా ప్రార్థన ఎక్కువ కావాలి."

నేను అక్కడే అందర్నీ వరసగా నిలదీశాను, అది నా రోగం. ఫ్యాను కింద కుర్చీ ఎందుకిచ్చారంటే, మీరు ఆ నల్లకోటులో ఉడికిపోతుంటే చూడలేక అన్నారు పెద్దాయన. ఉపవాసం ఎందుకు వద్దన్నారంటే, కిందటేడు ఉపవాసముండి ప్రార్థనలో నా భుజం మీద పడి నిద్రపోయారు, గుర్తులేదా అన్నారు పాస్టరమ్మగారు. ఎవరికీ ఏమీ తెలీదు. ఎవరి దగ్గరా నా చీటీ లేదు. ఇన్నాళ్లూ నేను అనుమానించిన ప్రతి మంచిపనీ వాళ్లు ఊరికే చేసింది. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకే పెద్ద నిమ్మళం వచ్చింది.

ఇంటికి వచ్చి బీరువాలోంచి కోటు తీసి లోపలి జేబు వెతికాను. మడత నలగకుండా నా పేరున్న చీటీ అందులోనే ఉంది. దాన్నీ, పట్టుచీరల అడుగునున్న రిపోర్టునీ తీసుకుని ఎదురు గుమ్మం కొట్టాను.

"ఇది మీకు రావాల్సిన చీటీ అండీ," అన్నాను.

"ఈస్టర్ అయిపోయింది కదండీ?"

"అయిపోయినా తీసుకోండి."

రిపోర్టు చూపించి అంతా చెప్పాను, జావ డబ్బా సంగతితో సహా. ఆవిడ గడప మీద కూలబడిపోయింది. మరుక్షణం నా మీద విరుచుకుపడింది. "రోజూ ఇలాంటి రిపోర్టులు చూస్తానండీ నేను! ఎదురింట్లో ఉండి, నాకు చెప్పకుండా, ఇన్నాళ్లా? బుర్రుందా మీకు?" అని కేకలేసింది. నన్ను అలా తిట్టినవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు. తిట్టి, కళ్లు తుడుచుకుని, "ఎప్పుడు వెళ్దాం?" అంది. సాయంత్రం మా ఆయనకీ చెప్పాను. ఆయన ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. నా పక్కన కూర్చుని ఊరికే చెయ్యి పట్టుకున్నారు.

గడ్డ మంచిది కాదనే తేలింది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరమ్మ నాకు దాచకుండా చెప్పారు. ఇది రాస్తున్నప్పటికి ఆపరేషన్ అయింది, మందులు నడుస్తున్నాయి, రాలిన జుట్టు మళ్లీ మొలుస్తోంది. బొమ్మ నా డ్యూటీ సంచిలో ఎదురుచూస్తోంది.

నేను ఎక్కువగా తలుచుకునేది సూది పరీక్షకి వెళ్లిన రోజుని. మా ఆయన డబ్బు కట్టడానికి వరసలో నిలబడ్డారు. ఎదురింటావిడ సెలవు పెట్టి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. హాలు నిండా జనం.

"ప్రార్థన చెయ్యనా అండీ?" అని చెవిలో అడిగింది. "మెల్లగానే చేస్తాను, మీ పేరు చెప్పను."

"పేరు పెట్టే చెయ్యండి," అన్నాను. "గట్టిగా."

ఆవిడ నా పేరు, గడ్డ, ఎడమ పక్క, ఏదీ వదలకుండా హాలంతా వినబడేలా ప్రార్థన చేసింది. ఈసారి ఎవరు కళ్లు మూసుకున్నారో, ఎవరు నటిస్తున్నారో నేను చూడలేదు. ఆవిడ ముగించగానే ఎదురు బెంచీ మీదినుంచి ఎవరో "ఆమీన్" అన్నారు. కళ్లు తెరిస్తే బురఖాలో ఉన్న ఒక పెద్దావిడ రెండు అరచేతులూ మొహానికి అద్దుకుంటోంది. ఆవిడ నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. అంతలో లోపల్నుంచి నా పేరు పిలిచారు.